భుజాలు తడుముకున్నవాడే దొంగా?

(ఎస్సై శిక్షణార్థుల ఎదుట చేసిన ప్రసంగ పాఠం)

మిత్రులారా,

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడనే సామెత మనకు ఉగ్గుపాలతోనే వచ్చింది. వినడానికి బాగుంటుంది గాని, కేస్ డైరీలోకి ఎక్కితే ప్రమాదం. స్టేషన్ గడప తొక్కిన నిరపరాధి కూడా భుజాలు తడుముకుంటాడు. పని మధ్యలో పిలిపించిన కూలిమనిషిని కూర్చోమంటే కుర్చీ అంచున కూర్చుంటాడు, తువ్వాలు నలుపుతాడు, మీ కళ్లలోకి కాక మీ బూట్ల వైపు చూస్తాడు. పెద్దవాళ్ల ముఖంలోకి సూటిగా చూడకపోవడం మన పల్లెల్లో మర్యాద. నిజం చెప్పేవాడి భయాన్ని అబద్ధమాడేవాడి భయంగా పొరబడటాన్ని మనస్తత్వవేత్త పాల్ ఎక్‌మన్, షేక్‌స్పియర్ నాటకంలో భార్య భయాన్ని నేరానికి రుజువనుకున్న నాయకుడి పేరుతో, 'ఒథెల్లో పొరపాటు' అన్నాడు.

ఇరవై నాలుగు వేల మందికి పైగా ఇచ్చిన తీర్పులను బాండ్, డిపాలో అనే పరిశోధకులు 2006లో గుదిగుచ్చి చూస్తే, నిజాన్నీ అబద్ధాన్నీ సరిగ్గా పోల్చుకున్నది సగటున నూటికి 54 సార్లు. బొమ్మా బొరుసూ వేసినా 50 వస్తుంది. 'మొహం చూసి చెప్పేస్తా' అనే సీనియర్లు మీకు తప్పక తారసపడతారు. గౌరవంగా విని ఊరుకోండి.

అలాగని చూడటం మానేయమనడం లేదు. గలగలా మాట్లాడుతున్న సాక్షి, మరిది పేరు రాగానే కొంగు అంచును వేలికి చుట్టడం మొదలుపెట్టిందనుకోండి. అక్కడ ఏదో బరువుందని మాత్రమే దానర్థం. ఆ బరువు భయమో, సిగ్గో, దుఃఖమో మీకు తెలియదు. 'ఆ సాయంత్రం సంగతి ఇంకొంచెం చెప్పమ్మా' అని, ఆ తర్వాత మీరు నోరు మెదపకుండా ఉండాలి. మన ఉద్యోగంలో అన్నిటికన్నా కష్టమైన పని ఇదే.

అడిగే మాట జ్ఞాపకాన్నే మార్చేస్తుంది. 1974లో లోఫ్టస్, పామర్ ఒక కారు ప్రమాదం ఫిల్మ్ చూపించి, కొందరిని కార్లు 'గుద్దుకున్నప్పుడు' ఎంత వేగంతో ఉన్నాయని, కొందరిని 'తుక్కుతుక్కయ్యేలా ఢీకొన్నప్పుడు' ఎంత వేగంతో ఉన్నాయని అడిగారు. వారం తర్వాత, ఫిల్ములో లేని పగిలిన గాజును చూశామన్నవారు మొదటి జట్టు 50 మందిలో 7గురు, రెండో జట్టు 50 మందిలో 16 మంది. 'ఎర్ర చొక్కావాడే కదా పారిపోయింది?' అని మనం అడిగిన ప్రతిసారీ ఒక గాజుపెంకు మనమే చల్లుతున్నాం.

చట్టం సంగతి మీరు చదివే ఉన్నారు: తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పాలని నిందితుణ్ణి బలవంతపెట్టరాదన్న రాజ్యాంగం 20(3) అధికరణం, సమ్మతి లేని నార్కో (మత్తుమందు ఇచ్చి ప్రశ్నించడం), పాలిగ్రాఫ్ (అబద్ధాలు పట్టే యంత్రం) పరీక్షలు చెల్లవన్న 2010 నాటి సుప్రీంకోర్టు సెల్వీ తీర్పు. పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం 24వ సెక్షన్ ఒక్కటి గుర్తుచేస్తాను: పిల్లల వాంగ్మూలం వాళ్ల ఇంట్లోనో, వాళ్లు కోరిన చోటో తీసుకోవాలి, ఆ సమయంలో మీ ఒంటిమీద యూనిఫాం ఉండరాదు. దుస్తులు కూడా మాట్లాడతాయని చట్టం గ్రహించిందన్నమాట.

ఇక రాత. 'నేను పై చిరునామాలో నివాసముంటూ కూలిపని చేసుకొని జీవిస్తున్నాను' అని మొదలయ్యే స్టేట్‌మెంట్లన్నీ ఒకే నోటితో చెప్పినట్టుంటాయి. సాక్షి 'దీపాలు పెట్టే వేళ' అంటే, స్టేషన్‌లో రాతపని చూసే రైటర్ 'సుమారు 18.30 గంటల సమయమున' అని రాస్తాడు. రెండేళ్లకు కోర్టు బోనులో ఆ గంటల గురించి డిఫెన్సు లాయరు గుచ్చి అడిగితే, ఆ మనిషి నిజాయితీగా అనేది ఒక్కటే: 'ఆ మాట నేను చెప్పలేదు బాబూ.'