"ఏమైనా కావాలంటే చెప్పు" అనకండి

అందరికీ నమస్కారం. నేను డాక్టర్నీ కాను, థెరపిస్టునీ కాను. సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడు దెబ్బతినడం వల్ల ఒంటి కదలికలు సరిగ్గా అదుపులో ఉండని స్థితి, ఉన్న ఒక పిల్లాడికి పిన్నిని, అంతే.

వాడి సంగతి తెలిసిన కొత్తలో మా అక్కకి ఫోన్ చేసిన ప్రతివాళ్ళూ చివర్లో ఒకటే మాట, "ఏమైనా కావాలంటే మొహమాటపడకుండా చెప్పు" అని. నేనూ అన్నాను. కొన్నాళ్ళకి అక్క విసుక్కుంది. "ఏం కావాలో ఆలోచించుకుని, ఎవర్ని అడగాలో చూసుకుని, వాళ్ళు కుదరదంటే మళ్ళీ బాధపడి... అదో పనైపోయిందే నాకు." ఆ రోజుతో ఆ మాట మానేశాను. "గురువారం నాలుగింటికి వస్తా, ఆరింటిదాకా వాడు నా దగ్గరుంటాడు, నువ్వు పడుకుంటావో బయటికెళ్తావో నీ ఇష్టం" అని చెప్పడం మొదలుపెట్టాను.

చెప్పినంత తేలిక కాదు లెండి. వాడికి తినిపించడం నేర్చుకోవడానికే నాకు నెల పట్టింది. నిటారుగా కూర్చోబెట్టాలి, తల వెనక్కి వాలకూడదు, చిన్న చెంచాతో కొంచెం పెట్టి, మింగాడని చూశాకే ఇంకో చెంచా. తొందరపడితే తిన్నది ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా రావచ్చు. మొదటిరోజు గిన్నె ఖాళీ అయ్యేసరికి నలభై నిమిషాలు. అక్క పక్కనే నించుంది, ఒక్క మాట మాట్లాడలేదు, కానీ వాడు గుటక వేసినప్పుడల్లా తనూ వేస్తోంది. రోజుకి మూడు పూటలు ఇదే, ఏళ్ళ తరబడి!

ఫిట్స్ వస్తే ఏం చేయాలో రాసి గోడకి అంటించింది. పక్కకి తిప్పి పడుకోబెట్టు, నోట్లో ఏమీ పెట్టకు, గడియారం చూడు, 5 నిమిషాలు దాటితే అంబులెన్స్. ఆ కాగితమే లేకపోతే నేను వాడితో ఒక్కదాన్నీ ఉండేదాన్ని కాదు. తల్లిదండ్రులు ఎవరైనా వింటుంటే ఇలాంటిదొకటి రాసిపెట్టుకోండి, మందులు, డోసులు, అలర్జీలు, ఏం చేస్తే ఏడుపు ఆపుతాడు అనేది కూడా. కొత్త డాక్టరు దగ్గరికెళ్ళిన ప్రతిసారీ పుట్టినప్పటి నుంచి కథంతా చెప్పే బాధ కొంతైనా తప్పుతుంది.

సాయం తీసుకోవడానికి సిగ్గుపడేవాళ్ళని చాలామందిని చూశాను. 1989లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలో 23వ అధికరణ ఉంది, వైకల్యం ఉన్న బిడ్డతో పాటు ఆ బిడ్డని చూసుకునేవాళ్ళకీ సాయం అందాలని అందులో రాశారు. ప్రభుత్వాలు ఎంత పట్టించుకున్నాయన్నది వేరే సంగతి. యూనిసెఫ్ 2021లో వేసిన అంచనా ప్రకారం ప్రపంచంలో ఏదో ఒక వైకల్యం ఉన్న పిల్లలు దాదాపు 24 కోట్లు. అన్ని ఇళ్ళలోనూ ఎవరో ఒకరు ఇలా గుటకలు లెక్కపెడుతూనే ఉంటారు కదా.

వాడికో అక్క కూడా ఉంది. వచ్చినవాళ్ళంతా దాన్ని "తమ్ముడెలా ఉన్నాడు?" అనే అడుగుతారు. ఒకసారి నేను నీ బొమ్మల పుస్తకం చూపించవే అంటే గంటసేపు వదల్లేదు.

మొదటి గురువారం మా అక్క ఎక్కడికీ వెళ్ళలేదు, పక్కగదిలో తలుపు తీసే పెట్టుకుని కూర్చుంది. మూడోవారం తలుపు వేసుకుంది. ఐదోవారం చెప్పులేసుకుంది.