సగం ధరకే 32 ఇంచుల టీవీ: తీసుకోవాలా, వదిలేయాలా?

(తెర మీద ధర చీటీ ఫోటో: 21,990 మీద గీత, కింద ఎర్రగా 9,990)

ఈ చీటీ చూస్తున్నారు కదా. అనంతపురం సుభాష్ రోడ్డులో ఒక షాపులో మా పిన్ని ఫోన్‌తో తీసి పంపిన ఫోటో ఇది. 21,990 మీద గీత కొట్టి, కింద 9,990 అని రాసి, పక్కన 55 శాతం తగ్గింపు అని గుండ్రటి స్టిక్కర్ అతికించారు. ఫోటో వచ్చిన నిమిషానికే ఫోన్ కూడా వచ్చింది. "నాయనా, సగానికి పైనే తగ్గించినారు, రేపటిదాకేనంట, తీసుకునేదా వద్దా?"

"పిన్నీ, ముందు ఇంటికి పోయి, నువ్వు కూర్చునే మంచం దగ్గర్నుంచి టీవీ పెట్టే గూటికి ఎన్ని అడుగులుందో కొలిచి చెప్పు" అన్నాను. ఆమెకు కోపం వచ్చింది. "నేను ధర అడుగుతా ఉంటే నువ్వు అడుగుల లెక్క చెప్తావేంది?"

ఆ రోజు ఆమెకు గంటసేపు ఫోన్లో చెప్పిందే ఇప్పుడు మీకూ చెప్తున్నాను. దసరా, దీపావళి వస్తే చాలు ఇదే ప్రశ్న నన్ను చాలామంది అడుగుతారు, కొందరైతే టీవీ కొనేసిన తర్వాత అడుగుతారు, అప్పుడు చెప్పడానికి నా దగ్గర ఏమీ ఉండదు, అది నాకు బాధగా ఉంటుంది.

ముందు ఆ 21,990 సంగతి. ఎమ్మార్పీ అంటే ఇంతకు మించి అమ్మకూడదు అనే హద్దు, అంతే. నిన్నటిదాకా ఆ ధరకు అమ్మారనీ, ఎవరో ఆ ధరకు కొన్నారనీ దానికి అర్థం లేదు. ఆ అంకె ఎంత పెద్దదైతే తగ్గింపు శాతం అంత గొప్పగా కనిపిస్తుంది. అందుకే శాతం వదిలేయండి. వెనకున్న మోడల్ నంబరు ఫోన్లో కొట్టి, అదే టీవీ వేరే చోట ఎంతకు వస్తుందో చూడండి. పిన్ని చూసిన టీవీ ఆన్‌లైన్‌లో 10,499 ఉంది. అంటే ఆమెకు నిజంగా మిగిలేది 509 రూపాయలు. పన్నెండు వేలు కాదు.

షాపులో కుర్రాడు ఇంకో మాట కూడా చెప్పాడంట, జీఎస్టీ తగ్గింది కాబట్టే ఈ రేటు అని. ఇది తప్పు, దీన్ని గట్టిగానే చెప్పాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం పన్ను 18 శాతానికి తగ్గింది 32 ఇంచులు దాటిన టీవీలకు. 32 ఇంచుల వరకు ఉన్నవాటి మీద 2019 జనవరి 1 నుంచే 18 శాతం ఉంది. కాబట్టి ఆ తగ్గింపుతో చిన్న టీవీకి సంబంధమే లేదు. తగ్గాల్సింది 43, 55 లాంటి వాటి ధర. పన్నుతో కలిపి 20,000 ఉండిన టీవీ, కంపెనీ అసలు ధర మార్చకపోతే, ఇప్పుడు సుమారు 18,440కి రావాలి. అంటే చిన్నదానికీ పెద్దదానికీ మధ్య దూరం కొంత తగ్గింది, కాబట్టి 32 తీసుకుందామని షాపుకు పోయినా 43 ధర కూడా ఒకసారి అడిగి రండి.

సరే, ఇప్పుడు అడుగుల లెక్కకు వద్దాం, నా దృష్టిలో అసలు విషయం ఇదే.

(తెర మీద చేయి చాచి ఫోన్‌ను అడ్డంగా పట్టుకోవడం)

మీ ఫోన్ తీసి అడ్డంగా తిప్పి, చేయి పూర్తిగా చాచి పట్టుకోండి. పది అడుగుల దూరం నుంచి 32 ఇంచుల టీవీ మీ కంటికి ఇంచుమించు అంతే కనిపిస్తుంది. ఇప్పుడు మోచేయి మడిచి, వార్తలు చదివేటప్పుడు పట్టుకున్నట్టు దగ్గరికి తెచ్చుకోండి. ఆరు అడుగుల దూరం నుంచి అదే టీవీ ఇంత కనిపిస్తుంది. తేడా మీకే తెలుస్తుంది. పెద్ద హాలు ఉండి, సోఫా పది పన్నెండు అడుగుల దూరంలో ఉంటే ఈ టీవీ ఐదు వేలకు ఇచ్చినా నేనైతే వద్దనే చెప్తాను, ఎందుకంటే మ్యాచ్ చూసేటప్పుడు స్కోరు చదవడానికి నెలలోపే కుర్చీ ముందుకు జరుపుకుంటారు. ఐదు నుంచి ఏడు అడుగుల దూరంలో కూర్చుని చూసే గది అయితే, పడకగది అయినా, అద్దె ఇంట్లో ముందు గది అయినా, ఇది చక్కగా సరిపోయే సైజు.

పాత డబ్బా టీవీ నుంచి మారేవాళ్లకు ఇంకో మాట. పాతది 29, కొత్తది 32, మూడు ఇంచులు పెరిగింది అనుకుంటాం. ఈ ఇంచులు మూల నుంచి మూలకు కొలిచేవి. డబ్బా టీవీ తెర నలుచదరానికి దగ్గరగా ఉండేది, ఫ్లాట్ టీవీ తెర వెడల్పుగా సాగి ఉంటుంది. 32 ఇంచుల తెర అడ్డంగా 71 సెంటీమీటర్లు, ఎత్తు 40 సెంటీమీటర్లు, అంటే 16 ఇంచులకు కొంచెం తక్కువ. 29 ఇంచుల డబ్బా టీవీలో బొమ్మ ఎత్తు దీనికేమీ తీసిపోదు. అందుకే కొత్త టీవీ పెట్టగానే "మనుషులు అంతే ఉన్నారే" అంటారు ఇంట్లో. 21 ఇంచుల దాని నుంచి మారితే మాత్రం బాగా తేడా తెలుస్తుంది.

పిన్ని కొలిచి చెప్పింది, ఆరున్నర అడుగులు. అప్పుడు గూడు కూడా కొలవమన్నాను. మన వైపు పాత ఇళ్లలో గోడకు కడప బండతో గూడు కట్టి అందులో టీవీ పెట్టేవాళ్లు కదా, మా పిన్ని ఇంట్లోనూ అదే, లోపలి వెడల్పు 33 ఇంచులు. 32 ఇంచుల టీవీ అంచులతో కలిపి 28, 29 ఇంచుల వెడల్పు ఉంటుంది, పడుతుంది. 43 ఇంచులది 38 దాకా ఉంటుంది, పట్టనే పట్టదు, గోడకు మేకులు కొట్టాల్సిందే. ఇంకో చిన్న సంగతి, టీవీ కాళ్లు ఇప్పుడు మధ్యలో కాకుండా రెండు చివర్లకు ఇస్తున్నారు. కాబట్టి చిన్న స్టూలు మీద, ఇరుకు టేబుల్ మీద పెడదాం అనుకుంటే ఒక కాలు గాలిలో ఉంటుంది. రెండు కాళ్ల మధ్య ఎంతుందో షాపులోనే టేపు పెట్టి చూడండి.

ఆమె చూసేది కేబుల్లో సీరియళ్లు, వార్తలు. అవీ మామూలు ఎస్‌డీ ఛానెళ్లు. ఎస్‌డీ బొమ్మలో పై నుంచి కిందికి 576 గీతలే ఉంటాయి. 4కే టీవీలో 2160 గీతలు, అంటే ఉన్న బొమ్మను దాదాపు నాలుగింతలు సాగదీయాలి, అందుకే పెద్ద టీవీలో సీరియల్ పెడితే ముఖాలు అలికినట్టు కనిపిస్తాయి. 32 ఇంచుల హెచ్‌డీ రెడీ తెరలో 768 గీతలు, సాగదీసేది తక్కువ, బొమ్మ శుభ్రంగా ఉంటుంది. కేబుల్, డీడీ ఫ్రీ డిష్ మాత్రమే చూసే ఇళ్లకు చిన్న టీవీ మేలు అని నేను చెప్పేది ఇందుకే, డబ్బు మిగులుతుందని మాత్రమే కాదు.

మరి ఫుల్ హెచ్‌డీ కోసం ఎక్కువ పెట్టాలా? హెచ్‌డీ రెడీ తెరలో చుక్కలు, అంటే బొమ్మను తయారుచేసే పిక్సెళ్లు, సుమారు పదిన్నర లక్షలు, ఫుల్ హెచ్‌డీలో 20 లక్షల 70 వేల పైన. వినడానికి రెట్టింపు. కానీ 32 ఇంచుల తెర ముందు ఆరు అడుగులు దాటి కూర్చుంటే మామూలు చూపుకు హెచ్‌డీ రెడీ చుక్కలు కూడా విడివిడిగా కనిపించవు. నాలుగైదు అడుగుల్లో కూర్చునేవాళ్లు, పిల్లలు కంప్యూటర్‌కు తగిలించుకుంటామనే ఇళ్లు ఫుల్ హెచ్‌డీ తీసుకోండి. మిగతావాళ్లకు అక్కర్లేదు. పెట్టె మీద 4కే సపోర్ట్, హెచ్‌డీఆర్ అని ఎన్ని రాసినా, రిజల్యూషన్ అనే చోట 1366 x 768 అని ఉంటే తెర అదే.

షాపుకు పోయేటప్పుడు ఒక పెన్‌డ్రైవ్ తీసుకుపోండి. వాళ్లు వేసే చిలకలు, పూలు, సముద్రాలు ఏ టీవీలోనైనా బాగుంటాయి, పైగా షాపు మోడ్‌లో వెలుగు మొత్తం పెంచి పెడతారు. పెన్‌డ్రైవ్‌లో మీరు చూసే సినిమా ముక్క ఒకటి, ఏమీ లేని తెల్ల ఫోటో ఒకటి, నల్ల ఫోటో ఒకటి వేసుకోండి. తెల్ల ఫోటో పెట్టి దగ్గరగా నిలబడి చూస్తే చచ్చిన చుక్కలు, మసక మచ్చలు బయటపడతాయి. నల్ల ఫోటోలో మూలల నుంచి వెలుగు కారుతోందేమో తెలుస్తుంది. తర్వాత పక్కకు నడవండి, ఇంట్లో కింద చాప మీద కూర్చునేవాళ్లుంటే అక్కడే కిందికి వంగి కూడా చూడండి. కొన్ని ప్యానెళ్లలో, అంటే బొమ్మ కనిపించే తెర పలకల్లో, పక్క నుంచి చూస్తే రంగులు వెలిసిపోతాయి. వీఏ రకం ప్యానెల్ అయితే నలుపు చిక్కగా ఉంటుంది కానీ పక్క చూపుకు తగ్గుతుంది, ఐపీఎస్ రకం అయితే పక్క నుంచి బాగుంటుంది కానీ చీకట్లో నలుపు బూడిద రంగులోకి పోతుంది. ఒకరిద్దరు ఎదురుగా కూర్చుని చూసే ఇల్లా, పదిమంది గదంతా పరుచుకుని చూసే ఇల్లా అనేది మీకే తెలుసు.

స్పీకర్లు పరీక్షించేటప్పుడు ఫ్యాన్ ఐదులో పెట్టమనండి. ఏసీ షాపులో విన్న శబ్దానికీ, ఏప్రిల్లో అనంతపురం ఇంట్లో ఫ్యాన్ కింద విన్నదానికీ పోలికే లేదు. ఈ చిన్న టీవీల స్పీకర్లు వెనక్కో కిందికో తిరిగి ఉంటాయి, గూట్లో పెడితే మాటలు ఇంకా మూసుకుపోతాయి.

స్మార్ట్ సంగతి. ర్యామ్ 1 జీబీ, స్టోరేజ్ 8 జీబీ అని ఉంటే, కొన్న కొత్తలో నడుస్తుంది, యాప్‌లు అప్‌డేట్ అయ్యే కొద్దీ రిమోట్ నొక్కిన తర్వాత ఎదురుచూడాల్సి వస్తుంది. ఇంకొన్ని చవక టీవీల్లో ఆండ్రాయిడ్ అని రాసి ఉంటుంది కానీ గూగుల్ అనుమతి ఉన్న గూగుల్ టీవీ కాదు, ప్లే స్టోర్ ఉండదు, కొన్ని ఓటీటీ యాప్‌లు పనిచేయవు. షాపులోనే వాళ్ల వైఫైతో మీకు కావలసిన యాప్ తెరిపించి చూడండి. అయితే ఒకటి, స్మార్ట్ భాగం పాతబడితే ఫైర్ టీవీ స్టిక్ లాంటి, యాప్‌లు నడిపే చిన్న పరికరం వెనక హెచ్‌డీఎంఐ సాకెట్‌లో గుచ్చుకుని గడుపుకోవచ్చు. తెర పోతే గడుపుకోలేం.

ఇది నాకు జరిగింది కాబట్టి చెప్తున్నాను. నాలుగేళ్ల కింద దీపావళికి తగ్గింపులో మా ఇంటికి ఒక 32 తెచ్చాను. పద్నాలుగో నెలలో ఒక సాయంత్రం అమ్మ వంట చేసి వచ్చి టీవీ వేస్తే తెర మధ్యలో నిలువుగా ఒక ఆకుపచ్చ గీత. వారానికి గీతలు నాలుగయ్యాయి. వారంటీ ఏడాదే. కంపెనీ నంబరుకు ఫోన్ చేస్తే అనంతపురంలో మాకు మనిషి లేడు, బెంగళూరు నుంచి రావాలన్నారు, రెండు వారాలకు వచ్చిన మనిషి ప్యానెల్ మార్చడానికి చెప్పిన ఖర్చు టీవీ కొన్న ధరకు ఎనిమిది వందలే తక్కువ. అప్పటి నుంచి నేను టీవీ ఎవరు కొంటున్నా మొదట అడిగేది, ప్యానెల్ మీద వారంటీ ఎన్నేళ్లు, మన ఊళ్లో బాగుచేసే మనిషి ఉన్నాడా అని. షాపువాళ్ల మాట మీద ఆగకండి, కంపెనీ కస్టమర్ కేర్‌కు మీరే ఫోన్ చేసి మీ పిన్‌కోడ్ చెప్పి అడగండి.

కరెంటు గురించి పెద్దగా ఆలోచించక్కర్లేదు. ఈ సైజు ఎల్‌ఈడీ టీవీ 40 వాట్లు తీసుకుంటుందనుకుంటే, రోజుకు ఐదు గంటలు చూసినా నెలకు ఆరు యూనిట్లు. స్టార్ లేబుల్ మీద ఏడాదికి ఎన్ని యూనిట్లో రాసి ఉంటుంది. కానీ వెనకున్న స్టిక్కర్ మాత్రం చదవండి. 100 నుంచి 240 వోల్టులు అని ఉంటే తక్కువ వోల్టేజీని టీవీయే తట్టుకుంటుంది, దానికోసం స్టెబిలైజర్ కొనక్కర్లేదు. పిడుగుల వాన వస్తే మాత్రం కరెంటు ప్లగ్గుతో పాటు కేబుల్ వైరు కూడా పీకేయాలి, చాలామంది ప్లగ్గు పీకి వైరు మర్చిపోతారు.

నో కాస్ట్ ఈఎంఐ అంటే ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ మీద జీఎస్టీ ఎంతో అడిగి ఆ మొత్తం ధరకు కలుపుకోండి. బిల్లు మీద మోడల్ నంబరు, సీరియల్ నంబరు ఉండాలి, పెట్టె మీద ఉన్నదానితో కలవాలి. పెట్టె మీద తయారైన నెల, సంవత్సరం ఉంటాయి, రెండేళ్ల పాతది అయితే అంత తగ్గింపు ఎందుకో అక్కడే అర్థమవుతుంది. తేడా వచ్చి షాపువాళ్లు పట్టించుకోకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

పిన్ని ఏం చేసిందంటే, ఆ 9,990 టీవీ తీసుకోలేదు. సైజు ఆమెకు సరిగ్గా సరిపోయేదే, కానీ కంపెనీకి ఫోన్ చేస్తే అనంతపురంలో సర్వీస్ లేదన్నారు. అదే షాపులో, అదే 32, హెచ్‌డీ రెడీ, ప్యానెల్‌కు రెండేళ్ల వారంటీ, ఊళ్లోనే సర్వీస్ ఉన్నది 11,490 ఉంటే అది తీసుకుంది. దాని మీద తగ్గింపు స్టిక్కర్ 20 శాతమే. పెట్టె విప్పేటప్పుడు మొదటి టేపు కోసిన దగ్గర్నుంచి వీడియో తీయమన్నాను, ఇంకా షాపువాడి మనిషి ఇంట్లో ఉండగానే తెల్ల ఫోటో పెట్టి చూడమన్నాను, రెండూ చేసింది.

(తెర మీద: కడప బండ గూట్లో కొత్త టీవీ, పైన ఫ్యాన్ శబ్దం)

ఆ రాత్రి వీడియో కాల్ చేసింది. మంచం మీద ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చుని, ఫ్యాన్ గట్టిగా తిరుగుతూ ఉంటే, వార్తల కింద పోతున్న స్క్రోలింగ్‌లో ఆ రోజు వేరుశనక్కాయల ధర అద్దాలు లేకుండా చదివి వినిపించింది.