చారల గుర్రాల సభ: అరుదైన క్యాన్సర్ పేషెంట్లు ఒక రోజంతా కూర్చుని ఏం నేర్చుకుంటారు?

[తెర మీద: హోటల్ హాలు, గుండ్రటి బల్లలు. ఒక కుర్చీకి వేలాడుతున్న నలుపు తెలుపు చారల స్కార్ఫ్.]

మా పిన్నికి ఉన్నట్టుండి ముఖం ఎర్రబడేది. తర్వాత మెడ, ఆ తర్వాత ఛాతీ. రెండు మూడు నిమిషాలుండి పోయేది. చెమట మాత్రం పట్టేది కాదు. ఇండియాకి ఫోన్ చేస్తే అమ్మమ్మ "వేడి చేసిందే, సబ్జా గింజలు నానబెట్టుకుని తాగు" అంది. ఇక్కడ కాలిఫోర్నియాలో డాక్టరేమో మెనోపాజ్ అన్నారు. విరేచనాలు మొదలైతే ఐబీఎస్, అంటే పేగులు ఊరికే చికాకు పడే జబ్బు అన్నారు, పాలు మానేయమన్నారు. మానేసింది. ఏం తగ్గలేదు. అలా ఐదేళ్లు గడిచిపోయాయి. చివరికి ఒక రాత్రి కడుపునొప్పి తట్టుకోలేక ఎమర్జెన్సీకి వెళ్తే, స్కాన్‌లో లివర్ నిండా మచ్చలు కనిపించాయి. చిన్న పేగులో ఎప్పుడో పుట్టిన గడ్డ లివర్‌కి పాకిందట. దాని పేరు న్యూరోఎండోక్రైన్ ట్యూమర్. పొట్టిగా 'నెట్' అంటారు.

ఆ తర్వాత ఏడాది పిన్నితో కలిసి ఒక సభకి వెళ్లాను. డాక్టర్ల కాన్ఫరెన్స్ కాదది, పేషెంట్ల కోసం పెట్టింది. నా పనల్లా నోట్స్ రాయడం. ఈ వీడియో ఆ నోట్సు పుస్తకంలోంచే. ముందే చెప్తున్నా, నేను డాక్టర్ని కాదు. ఇది విని మందులు మార్చుకోకండి, మీ డాక్టర్ని అడగడానికి ప్రశ్నలు రాసుకోండి.

[తెర మీద: మానవ శరీరం బొమ్మ. పేగులు, పాంక్రియాస్, ఊపిరితిత్తుల మీద చిన్న చుక్కలు.]

మన ఒంట్లో హార్మోన్లు తయారుచేసే కణాలు థైరాయిడ్ లాంటి గ్రంథుల్లోనే కాదు, పేగుల్లో, ఊపిరితిత్తుల్లో, పాంక్రియాస్‌లో కూడా చెదురుమదురుగా ఉంటాయి. వాటిలో పుట్టే గడ్డలే ఇవి. 1907లో జర్మనీలో ఓబెర్న్‌డోర్ఫర్ అనే పాథాలజిస్ట్ వీటికి 'కార్సినాయిడ్' అని పేరు పెట్టాడు. అంటే క్యాన్సర్ లాంటిది అని. పెద్దగా హాని చెయ్యవనుకున్నాడు. 1929లో తనే ఆ మాట సరిదిద్దుకుని, ఇవి పాకనూ వచ్చు అన్నాడు. కానీ మొదటి మాటే నిలిచిపోయింది. "క్యాన్సర్ లాంటిదేలే" అన్న ఆ నిర్లక్ష్యం చాలా దశాబ్దాలు వెంటాడింది.

పేగులో గడ్డ సెరోటోనిన్ అనే హార్మోన్, అలాంటి ఇతర పదార్థాలు విడుదల చేస్తుంది. లివర్ బాగుంటే వాటిని అక్కడికక్కడే విరిచేస్తుంది. లివర్‌లోకే పాకితే మాత్రం అవి నేరుగా రక్తంలో కలిసిపోతాయి. అప్పుడే ఒళ్లు ఎర్రబడటం, విరేచనాలు, పిల్లికూతలు. కొందరికి గుండె కుడివైపు కవాటాలు కూడా గట్టిపడతాయి.

ఈ పేరు మన తెలుగువాళ్లలో చాలామంది మొదటిసారి విన్నది 2018 మార్చిలో, ఇర్ఫాన్ ఖాన్ తన జబ్బు సంగతి బయటపెట్టినప్పుడు. మహేశ్ బాబు సినిమాలో విలన్‌గా చేశారు కదా, ఆయనే. స్టీవ్ జాబ్స్‌ది కూడా పాంక్రియాస్‌లో వచ్చిన నెట్టే. పేపర్లు మాత్రం ఉత్త పాంక్రియాటిక్ క్యాన్సర్ అని రాసేశాయి. ఆ రెండూ వేరు. మందులు వేరు, నడక వేరు.

[తెర మీద: 1973 – లక్షకు 1.09. 2012 – లక్షకు 6.98.]

అమెరికా లెక్కల ప్రకారం 1973లో లక్ష మందిలో ఒకరికి కొత్తగా ఈ జబ్బు తేలేది. 2012 నాటికి దాదాపు ఏడుగురికి. జబ్బు పెరగడం కన్నా, స్కాన్లు, ఎండోస్కోపీలు పెరిగి ఎక్కువగా బయటపడటమే ఇందులో పెద్ద భాగం. అయినా ఒక మామూలు ఫ్యామిలీ డాక్టర్ చేతికి ఇలాంటి కేసు ఎన్నేళ్లకి ఒకటి వస్తుంది చెప్పండి?

చారల కథ ఇక్కడిదే. అమెరికా మెడికల్ కాలేజీల్లో ఒక మాట చెప్తారు: గిట్టల చప్పుడు వినపడితే గుర్రం అనుకో, జీబ్రా అనుకోకు. అంటే మామూలు జబ్బులే ముందు అనుమానించమని. మంచి సలహాయే. కానీ నిజంగా జీబ్రా అయినవాడి గతేంటి? అందుకే నెట్ పేషెంట్లు జీబ్రాని తమ గుర్తుగా పెట్టుకున్నారు. హాల్లోకి వెళ్తే చారల టీషర్టులు, చారల సాక్సులు, చారల బ్యాగులు. పిన్ని మొదట చిరాకు పడింది. "ఏంటే ఇది, సర్కస్‌కి తీసుకొచ్చావా?" అంది. మధ్యాహ్నానికి తనే ఒక స్కార్ఫ్ కొనుక్కుంది.

[తెర మీద: రిజిస్ట్రేషన్ బల్ల. పేరున్న బ్యాడ్జీల వరుస.]

ఇలాంటి సభలు ఎవరు పెడతారు? కార్సినాయిడ్ క్యాన్సర్ ఫౌండేషన్ 1968 నుంచీ ఉంది. లాస్ ఏంజెలెస్‌లో లాక్‌నెట్స్ అనే నెట్ పేషెంట్ల సంస్థ ఉంది. నెట్ రీసెర్చ్ ఫౌండేషన్ పెద్ద హాస్పిటళ్లతో కలిసి ఊరూరా పెడుతుంది. కార్యక్రమం ఇంచుమించు ఒకటే: పొద్దున సర్జన్, ఆంకాలజిస్ట్, న్యూక్లియర్ మెడిసిన్ డాక్టర్ మాట్లాడతారు. మధ్యాహ్నం నర్సు, డైటీషియన్. తర్వాత గడ్డ ఎక్కడ పుట్టిందో దాన్నిబట్టి పేగులవాళ్లు ఒక గదికి, పాంక్రియాస్‌వాళ్లు ఒక గదికి, ఊపిరితిత్తులవాళ్లు ఇంకో గదికి విడిపోతారు.

డాక్టర్ల ప్రసంగాలు బాగానే ఉన్నాయి. కానీ నా నోట్సులో నిండిన పేజీలు అవి కావు. మధ్యాహ్నం భోజనాల తర్వాత ఒక నర్సు ఇంజెక్షన్ గురించి చెప్పిన నలభై నిమిషాలవి.

[తెర మీద: ఇంజెక్షన్ పొడి సీసా దగ్గరగా. అడుగున తెల్లటి పొడి.]

ఆక్ట్రియోటైడ్ అనే మందు ఉంది. 1988లో అమెరికాలో అనుమతి వచ్చింది. హార్మోన్ల వరదకి ఆనకట్ట వేసే మందు అనుకోండి. నెలకోసారి వేసే రకం పొడిగా వస్తుంది, ఫ్రిజ్‌లో పెడతారు. నర్సు అందరి ముందూ డెమో కిట్ తీసి చూపించింది. వేసే ముందు కనీసం అరగంట బయటపెట్టాలి. ద్రవం పోశాక పొడి పూర్తిగా నానేదాకా కదిలించకూడదు. నానాక బాగా కలిసేలా ఊపి, వెంటనే, అంటే ఆ క్షణంలోనే, పిరుదు కండలోకి లోతుగా దించాలి. ఆలస్యమైతే పొడి మళ్లీ కిందికి దిగి సూది మూసుకుపోతుంది. కండకి చేరకుండా పైనున్న కొవ్వులోనే ఆగిపోతే మందు సరిగ్గా పనిచెయ్యదు.

పిన్ని నా మోచెయ్యి పట్టుకుంది. ఆవిడ వెళ్లే క్లినిక్‌లో ఫ్రిజ్‌లోంచి తీసీ తియ్యగానే కలిపేసేవారు. రెండుసార్లు సూది మూసుకుపోతే మళ్లీ మళ్లీ పొడిచారు. ఆ చోట గడ్డకట్టినట్టు గట్టిగా ఉండేది, నెల తిరక్కముందే విరేచనాలు మొదలయ్యేవి. మందు పనిచెయ్యట్లేదేమో, డోసు పెంచాలేమో అని డాక్టర్‌తో చర్చ కూడా నడుస్తోంది అప్పటికి. ఆ తర్వాతి నెల బాబాయి మెల్లగా, గొడవ పడకుండా, "ఒక అరగంట బయట పెడతారా అండీ" అని అడిగారు. అంతే. డోసు పెంచాల్సిన అవసరం రాలేదు. అందరికీ ఇలాగే అవుతుందని కాదు. కానీ ఈ సంగతి మాకు ఇంకెక్కడా ఎవరూ చెప్పలేదు.

తర్వాత డైటీషియన్ వంతు. విరేచనాలన్నీ ఒకటి కావట. ఇది నాకు కొత్త. సెరోటోనిన్ వల్ల వచ్చేవి నీళ్లలా ఉంటాయి, రాత్రి నిద్రలోంచి కూడా లేపుతాయి. ఆక్ట్రియోటైడ్ వల్ల పాంక్రియాస్ ఎంజైములు తగ్గితే నెయ్యి, నూనె అరగవు. అప్పుడు మలం జిడ్డుగా తేలుతుంది. చిన్న పేగు చివరి భాగం కోసేసినవాళ్లకి పైత్యరసం వల్ల మరో రకం. ఒక్కోదానికి ఒక్కో మందు. ఎంజైము మాత్ర భోజనమయ్యాక కాదు, మొదటి ముద్దతోనే వేసుకోవాలి. పిన్ని ఆరునెలలుగా చెయ్యి కడుక్కుని వచ్చి వేసుకుంటోంది!

[తెర మీద: జొన్న కంకి.]

ఇక్కడ ఒక్క నిమిషం పక్కదారి పడతాను. గడ్డ సెరోటోనిన్ తయారుచెయ్యడానికి ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లాన్ని లాగేసుకుంటుంది. మన ఒళ్లు కొంత నియాసిన్, అంటే బీ3 విటమిన్, తయారుచేసుకునేది దాంట్లోంచే. అది చాలక కొందరికి చర్మం నల్లబడి పొట్టు రాలుతుంది. దాన్ని పెల్లాగ్రా అంటారు. డైటీషియన్ ఆ మాట అనగానే నేను ఉలిక్కిపడ్డాను. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థలో డాక్టర్ గోపాలన్, ఆయన సహచరులు 1960 ప్రాంతంలో పరిశోధించిన జబ్బే అది. మన దక్కన్‌లో జొన్నన్నం మీద బతికే పేదవాళ్లకి వచ్చేది. అక్కడ కారణం తిండి, ఇక్కడ కారణం గడ్డ, కొరత మాత్రం ఒకటే. ఈ సంగతి చెప్తే పక్కన కూర్చున్న టెక్సస్ పెద్దాయన తన నోట్సులో జొన్న స్పెల్లింగ్ అడిగి రాసుకున్నాడు. ఆయనకి అదెందుకో నాకు తెలీదు.

[తెర మీద: పర్సులో పెట్టుకునే చిన్న కార్డు.]

ఇంకో రెండు విషయాలు గబగబా. ఒకటి, ఏ ఆపరేషన్ అయినా, మత్తు ఇచ్చేవాళ్లకి ఈ జబ్బు సంగతి ముందే చెప్పాలి. మత్తులో ఉండగా గడ్డ ఒక్కసారిగా హార్మోన్లు వదిలితే బీపీ పడిపోవచ్చు, దాన్ని కార్సినాయిడ్ క్రైసిస్ అంటారు. అందుకే పేషెంట్లు పర్సులో కార్డు పెట్టుకుంటారు. రెండు, ఈ గడ్డల జాడ చూడ్డానికి చేసే క్రోమోగ్రానిన్-ఏ అనే రక్తపరీక్ష. గ్యాస్‌కని పరగడుపున వేసుకునే పాంటాప్రజోల్ ఆ అంకెని పెంచేస్తుంది. ఆ సంగతి తెలీక పిన్ని రిపోర్ట్ చూసి రెండు రాత్రులు మేమెవరం నిద్రపోలేదు.

ఇక లుటీషియం. ఆ హాల్లో అందరూ ఎక్కువ ప్రశ్నలడిగింది దీని గురించే. గడ్డ కణాల మీద సొమాటోస్టాటిన్ అనే హార్మోన్ వచ్చి అతుక్కునే గ్రాహకాలుంటాయి. వాటికి అతుక్కునే అణువుకి లుటీషియం-177 అనే రేడియోధార్మిక లోహాన్ని తగిలించి రక్తంలోకి ఎక్కిస్తే, అది వెతుక్కుంటూ వెళ్లి గడ్డని లోపలి నుంచి కాలుస్తుంది. ఎనిమిది వారాలకోసారి, మొత్తం నాలుగు సార్లు. 229 మంది మీద జరిగిన నెట్టర్-1 అనే ట్రయల్‌లో, ఇరవై నెలల దగ్గర జబ్బు ముదరకుండా ఉన్నవాళ్లు ఈ మందు తీసుకున్న గుంపులో 65 శాతం, ఆక్ట్రియోటైడ్ మోతాదు పెంచిన గుంపులో 11 శాతం. అమెరికాలో అనుమతి 2018 జనవరిలో వచ్చింది.

కానీ అంతకు చాలా ఏళ్ల ముందే అమెరికా పేషెంట్లు నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌కి, జర్మనీలోని బాడ్ బెర్కాకి విమానమెక్కి వెళ్లి ఈ చికిత్స చేయించుకున్నారు. మా బల్ల దగ్గరే అలా వెళ్లొచ్చినావిడ ఒకరున్నారు. అలాంటి చోటు ఉందని తనకి డాక్టర్ చెప్పలేదట. ఇలాంటి సభలోనే, కాఫీ క్యూలో, మరో పేషెంట్ చెప్పాడట.

[తెర మీద: హాలు బయట స్టాళ్లు. పెన్నులు, సంచులు.]

హాలు బయట మందుల కంపెనీల స్టాళ్లుంటాయి. చాలా సభలకి స్పాన్సర్లు వాళ్లే. ఉచితంగా భోజనం పెడుతున్నారంటే ఎవరో ఒకరు బిల్లు కడుతున్నట్టే కదా. అది గుర్తుపెట్టుకుని వింటే చాలు. ఇంకోటి, అక్కడ మీ సొంత కేసు గురించి సలహా ఇవ్వరు. మైకు పట్టుకుని "నాకు 2019లో..." అని మొదలుపెడితే మర్యాదగా ఆపేస్తారు. మీ గ్రేడ్ ఎంత, బయాప్సీలో కేఐ-67 (గడ్డ కణాలు ఎంత జోరుగా పెరుగుతున్నాయో చెప్పే అంకె) ఎంత శాతం, గడ్డ పుట్టిన చోటేది, ఈ మూడూ తెలుసుకుని వెళ్తే వినేవాటిలో మీకు పనికొచ్చేదేదో మీకే తెలుస్తుంది. కేఐ-67 మూడు లోపుంటే గ్రేడ్ 1. మూడు నుంచి ఇరవై దాకా గ్రేడ్ 2. ఆ పైన గ్రేడ్ 3.

అన్నీ బాగుంటాయని చెప్పను. మూడు గంటలప్పుడు పిన్ని కనపడలేదు. పార్కింగ్‌లో కారులో కూర్చుని ఉంది. పక్క బల్ల దగ్గర ఉన్నాయన భార్య పోయిందట, సభకి అలవాటు కొద్దీ వచ్చాడట. బాబాయి ఏసీ వేసి, ఏమీ మాట్లాడకుండా పక్కన కూర్చున్నారు. అరగంట తర్వాత పిన్ని దిగి, "ప్రశ్నలు రాసిన కాగితం ఎక్కడ పెట్టావే" అని అడిగింది.

[తెర మీద: భారతదేశం మ్యాప్. ముంబయి దగ్గర చుక్క.]

ఇండియాలో ఉన్నవాళ్లకి: లుటీషియం చికిత్స మన దగ్గర ఎప్పటినుంచో ఉంది. ట్రాంబేలోని ధ్రువ రియాక్టర్‌లో లుటీషియం తయారవుతుంది, ముంబయి పరేల్‌లోని రేడియేషన్ మెడిసిన్ సెంటర్‌లో చాలామందికి ఎక్కించారు. సీనెట్స్ ఇండియా అనే పేషెంట్ల సంస్థ కూడా ఉంది. కోవిడ్ తర్వాత అమెరికా సభలు చాలావరకు ఆన్‌లైన్‌లో కూడా వస్తున్నాయి, యూట్యూబ్‌లో పెడుతున్నారు. వేసవిలో లాస్ ఏంజెలెస్‌లో పొద్దున తొమ్మిదికి మొదలైతే మనకి రాత్రి తొమ్మిదిన్నర. అన్నం తిని కూర్చోవచ్చు.

[తెర మీద: కూరగాయల బుట్ట. వంకాయల మీద ఎర్ర గీత.]

ఒక్కటి మర్చిపోయాను. ఒంట్లో సెరోటోనిన్ ఎంత తయారవుతోందో అంచనా వెయ్యడానికి ఇరవై నాలుగు గంటల మూత్రం పట్టి చేసే 5-హెచ్ఐఏఏ పరీక్షకి ముందు మూడు రోజులు అరటిపండు, పైనాపిల్, వాల్‌నట్లు, టమాటా, వంకాయ తినకూడదు. అవన్నీ అంకెని తప్పుగా పెంచేస్తాయి. మొదటిసారి ల్యాబ్‌లో ఈ మాట ఎవరూ చెప్పలేదు, పిన్ని ముందురోజు గుత్తివంకాయ తిని వెళ్లింది. ఇప్పుడు తారీకు రాగానే ఫ్రిజ్ తలుపు మీద జాబితా అంటిస్తుంది. వచ్చే మంగళవారం మళ్లీ పరీక్ష. శనివారం నుంచీ ఇంట్లో బీరకాయే. బాబాయి నిన్న ఫోన్ చేసి, మీ ఇంట్లో ఆదివారం ఏం కూర అని అడిగారు.