ఒక్క పేజీ పీడీఎఫ్‌కి ఇంత మోతెందుకు సామీ?

(షాపు కౌంటర్. జిరాక్స్ మిషన్ ఆగి ఉంది. పక్కన ఒక పాత ల్యాప్‌టాప్.)

నమస్తే. మొన్న ఒక పిల్లోడు వచ్చినాడు షాపుకి. యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చదువుతా ఉండాడు. ల్యాప్‌టాప్ కౌంటర్ మీద పెట్టి, "అన్నా, ర్యామ్ వేయించాల, ఎంతవుతాది?" అన్నాడు. ఎందుకురా అంటే, "పీడీఎఫ్ తెరిస్తే చచ్చిపోతా ఉండాదన్నా" అన్నాడు. ఏం పీడీఎఫ్? హాల్ టికెట్. ఒక్క పేజీ. ఫొటో, పేరు, సెంటర్ అడ్రసు, కింద సంతకం, అంతే.

సరే చూద్దామని ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టినా. డబుల్ క్లిక్ కొట్టినాడు. ముందు ఒక లోగో వచ్చింది. తర్వాత లాగిన్ అవమనింది. తర్వాత కుడిపక్క బొమ్మలతో ఒక పట్టీ. తర్వాత "మా కొత్త సదుపాయం చూసినారా" అని ఒక డబ్బా. ఆ డబ్బా వెనకాల, సగం కనిపించీ కనిపించకుండా, పాపం వీడి ఫొటో. ఇరవై మూడు సెకన్లు.

నేను ర్యామ్ అమ్మలేదు. వేరే ప్రోగ్రామ్ వేసి అదే ఫైల్ తెరిచినా. కొట్టినది కొట్టినట్టే వచ్చింది. వాడు నా మొహం చూసి, "అప్పుడే ర్యామ్ వేసేసినావా అన్నా?" అన్నాడు.

ఈ వీడియో వాడి కోసమే. వాడి లాంటోళ్ళు వారానికి నలుగురు వస్తారు. నలుగురిదీ ఒకటే మాట: "అడోబీ లేకపోతే పీడీఎఫ్ తెరుచుకోదు కదా?" ఈ మాట వింటే నాకు బీపీ లేస్తాది.

పీడీఎఫ్‌ని పుట్టించింది అడోబీ కంపెనీనే, 1993లో. ఆ మాట నిజమే. కానీ 2008లో అది అంతర్జాతీయ ప్రమాణం అయిపోయింది, ఐఎస్ఓ 32000 అని. అంటే ఒక పీడీఎఫ్ లోపల ఏది ఎక్కడ ఉండాల, ఎట్లా రాయాల అనేదంతా పుస్తకంలో అచ్చేసి బయట పెట్టేసినారు. చదువుకున్నోడెవడైనా దాన్ని చూసి రీడర్, అంటే పీడీఎఫ్ తెరిచి చూపించే ప్రోగ్రామ్, రాసుకోవచ్చు. చానామంది రాసినారు కూడా.

మరి ఒకటి ఇరవై సెకన్లూ, ఇంకొకటి అర సెకనూ ఎందుకు? మనూరి లెక్కలో చెప్తా.

అలిపిరి నుంచి తిరుమల కొండకి 3550 మెట్లు. నడిచి పోయేవాళ్ళు కింద ఏం చేస్తారు? సూట్‌కేసూ, పిల్లోళ్ళ బట్టల బ్యాగూ అలిపిరి లగేజీ కౌంటర్లో ఇచ్చేసి, చీటీ తీసుకుంటారు. దేవస్థానం వాళ్ళే దాన్ని ఊరికే పైకి చేరుస్తారు. మన చేతిలో ఒక తువాలు, ఒక నీళ్ళ బాటిలు. గోవిందా అనుకుంటా ఎక్కేస్తాం. ఇప్పుడు ఒకాయన ఉండాడు అనుకోండి. కౌంటర్లో ఇవ్వడు. సూట్‌కేసు నెత్తిన, పరుపు చంకన, గ్యాస్ స్టవ్ ఇంకో చేతిలో. ఎందుకు సామీ అంటే, "పైన ఎప్పుడన్నా వంట చేసుకోవాల్సొస్తే?" అంటాడు. మీరు తెరిచిన పెద్ద రీడర్ ఆయనే.

దాంట్లో పేజీలు కోసి అతికించే పని ఉండాది, సంతకం పెట్టించే పని ఉండాది, వర్డ్‌లోకి మార్చే పని, క్లౌడ్‌లో దాచే పని, పక్కనోళ్ళతో కామెంట్లు రాయించే పని. అన్నీ మంచివే. కాకపోతే మీరు హాల్ టికెట్ చూడాలనుకున్న ప్రతిసారీ ఆ స్టవ్వూ పరుపూ మోసుకోని మొదటి మెట్టు నుంచి ఎక్కుతాది. చిన్న రీడర్ తువాలుతో పోతాది. దానికి తెలిసిన పని ఒక్కటే, పేజీ గీసి చూపించడం.

(స్క్రీన్ మీద నోట్‌ప్యాడ్.)

పేజీ గీయడం అంటే ఏందో ఒక్కసారి చూపిస్తా, ఇది నాకు భలే ఇష్టం. ఏదైనా పీడీఎఫ్‌ని నోట్‌ప్యాడ్‌లో తెరవండి. చెత్తచెత్తగా కనిపిస్తాది, భయపడొద్దు, సేవ్ మాత్రం కొట్టొద్దు. మొదటి లైన్ చూడండి: శాతం గుర్తు, పీడీఎఫ్, ఒక నంబరు, 1.4 అనో 1.7 అనో. ఇప్పుడు అడుక్కి రండి. చిట్టచివర రెండు శాతం గుర్తులు, ఈఓఎఫ్. ఫైల్ అయిపోయింది అని. దాని పైనే ఒక అంకె ఒంటరిగా ఉండాది చూడండి. అసలు తాళంచెవి అదే.

రీడర్ పీడీఎఫ్‌ని ముందు నుంచి చదవదు. తోక పట్టుకుంటాది. ఆ అంకె ఏం చెప్తాదంటే, "విషయసూచిక ఫలానా బైట్ దగ్గర ఉండాది, అక్కడికి పో" అని. అక్కడికి పోతే, ఏ ముక్క ఎక్కడుందో మొత్తం పట్టిక దొరుకుతాది. మీరు 700వ పేజీ అడిగితే నేరుగా ఆ పేజీ ముక్కలు, దానికి కావాల్సిన ఫాంటు, బొమ్మలు తెచ్చుకుంటాది. మిగతా 699 పేజీల జోలికి పోదు.

ఇక్కడ నా మెట్ల లెక్క పనికిరాదని ఒప్పుకుంటా. కొండకి పోవాలంటే ప్రతి మెట్టూ ఎక్కాల్సిందే. పీడీఎఫ్‌లో దారి మధ్యన ఉండే గాలిగోపురం దగ్గర మొదలుపెట్టినా అడిగేవాడు లేడు. అందుకే వెయ్యి పేజీల పుస్తకమైనా మంచి రీడర్‌లో టక్కున తెరుచుకోవాల. తెరుచుకోలేదంటే పుస్తకం లావని కాదు, తెరిచేవాడి నెత్తిన ఏముందో చూడండి.

ఇంతకీ ఆ పిల్లోడికి నేను వేసింది సుమాత్రా పీడీఎఫ్. విండోస్‌కి మాత్రమే. 2006 నుంచి ఉండాది, డబ్బులు కట్టే పని లేదు, సోర్స్ కోడ్ కూడా బయటే ఉండాది. లోపల ఇంజను మ్యూపీడీఎఫ్, దాన్ని ఆర్టిఫెక్స్ అనే కంపెనీ వాళ్ళు చేస్తారు. పెద్ద రీడర్లు డౌన్‌లోడే వందల ఎంబీలు ఉంటాయి, ఇది పది ఎంబీ అటూఇటూ. పోర్టబుల్ రకం కూడా ఉండాది, పెన్‌డ్రైవ్‌లో వేసుకోని ఏ కంప్యూటర్‌లోనైనా ఇన్‌స్టాల్ చేయకుండానే నడుపుకోవచ్చు. ఆఫీసులో ఏమీ ఎక్కించనీయని వాళ్ళకి ఇది వరం.

నాకు దీంట్లో నచ్చింది స్పీడొక్కటే కాదు. నిన్న 214వ పేజీలో ఆపి మూసేస్తే, ఈ రోజు 214లోనే తెరుస్తాది. ఇంకోటి, ఫైల్‌ని గట్టిగా పట్టుకోని కూర్చోదు. లేటెక్ అని, రాసినదాన్ని పీడీఎఫ్‌గా అచ్చు కూర్చే ప్రోగ్రామ్ ఉండాది, దాంట్లో థీసిస్ రాసేవాళ్ళకి ఈ బాధ తెలుసు: పక్కన పీడీఎఫ్ తెరిచి ఉంటే "ఫైల్ వాడుకలో ఉంది" అని కొత్తది రాయనీయదు. సుమాత్రాలో ఫైల్ మారిన వెంటనే దానంతటదే కొత్త పేజీ చూపిస్తాది. యూనివర్సిటీ పిల్లోళ్ళకీ, ఏర్పేడు దగ్గర ఐఐటీ పిల్లోళ్ళకీ నేను ఇదే చెప్తా.

చూడ్డానికి అందంగా ఉండదు, అది నిజం. పాత బస్టాండు టైం టేబుల్ బోర్డు మాదిరి ఉంటాది. నాకైతే అదే బాగుంది.

ఇప్పుడు కొందరు కింద రాస్తారు, "అన్నా, సుమాత్రా వేసినా, అయినా మా తాత భూమి పత్రాలు స్లోగానే తెరుచుకుంటా ఉండాయి" అని. రాయక ముందే చెప్పేస్తా. అది మోకాళ్ళ మెట్టు.

నడిచినోళ్ళకి తెలుసు. చివర్లో ఆ నిలువు మెట్లు వచ్చేసరికి తువాలోడూ ఆగుతాడు, సూట్‌కేసోడూ ఆగుతాడు. స్కాన్ చేసిన పీడీఎఫ్ అట్లాంటిది. దాంట్లో అక్షరాలు లేవు, పేజీకో ఫొటో ఉండాది. ఏ4 కాగితాన్ని 600 డీపీఐలో, అంటే అంగుళానికి 600 చుక్కల లెక్కన, కలర్ స్కాన్ చేస్తే సుమారు మూడున్నర కోట్ల చుక్కలు. చుక్కకి మూడు బైట్లు వేసుకుంటే, ఒక్క పేజీకే వంద ఎంబీ పైన. ఫైల్ చూస్తే మాత్రం పేజీకి ఒక ఎంబీ కూడా ఉండకపోవచ్చు, ఎందుకంటే కుదించి పెట్టినారు. మీరు పేజీ తిప్పిన ప్రతిసారీ రీడర్ దాన్ని మళ్ళీ అంతా విప్పాల. కాబట్టి ఫైల్ సైజు చూసి బరువు లెక్కేయొద్దు. చుట్టిన పరుపు చిన్నగానే ఉంటాది.

దీనికి మందు రీడర్ దగ్గర లేదు, స్కాన్ చేసేవాడి దగ్గర ఉండాది. అంటే నా దగ్గర. ఉత్త అక్షరాల కాగితమైతే 300 డీపీఐ చాలు, నలుపు తెలుపు చాలు. అప్పుడు విప్పినా పేజీకి ఒక ఎంబీ చుట్టుపక్కలే. పాత స్టాంపు కాగితం, రంగు సీలు ఉండాదంటే కలర్ అడగండి, తప్పు లేదు. కరెంటు బిల్లుని కలర్లో 600లో స్కాన్ చేయమంటారే, వాళ్ళకి దండం.

సరే, ఇంత చెప్పినాక పెద్ద రీడర్‌ని పీకి పారేయమంటానా? అనను. సూట్‌కేసుని ఎవరూ అలిపిరిలో పారేసి పోరు కదా, కౌంటర్లో ఇచ్చి పైన తీసుకుంటారు. పైన దాంతో పని పడే చోట్లు రెండు చెప్తా.

ఒకటి ఈ-ఆధార్. దాని మీద డిజిటల్ సంతకం ఉంటాది. చిన్న రీడర్‌లో అక్కడ ప్రశ్న గుర్తే కనిపిస్తాది. దాన్ని చూసి "ఆధార్ దొంగదా అన్నా?" అని ఒకామె ఏడ్చినంత పని చేసింది. కాదమ్మా. సంతకాన్ని సరిచూసే పని ఆ రీడర్‌కి రాదు, అంతే. ఆకుపచ్చ టిక్కు కావాలంటే అడోబీ రీడర్‌లో తెరిచి, సంతకం మీద రైట్ క్లిక్ కొట్టి, ఆ సర్టిఫికెట్‌ని నమ్మకమైన జాబితాలో చేర్చాల.

రెండోది, కొన్ని పాత ఫారాలు. తెరిస్తే "ప్లీజ్ వెయిట్" అని ఒక్క పేజీ వస్తాది. మీరు వెయిట్ చేస్తానే ఉంటారు. సాయంత్రం దాకా కూర్చున్నా రాదు సామీ, ఏదీ లోడ్ అవతా ఉండలేదు! ఆ "ప్లీజ్ వెయిట్" అనేదే మీ రీడర్ చదవగలిగిన పేజీ. అసలు ఫారం ఎక్స్‌ఎఫ్‌ఏ అనే వేరే పద్ధతిలో లోపల దాగి ఉండాది. 2017లో వచ్చిన పీడీఎఫ్ 2.0లో ఆ పద్ధతిని వదిలేసినారు, కానీ పాత ఫారాలు ఇంకా తిరగతానే ఉండాయి. అవి ఎదురైనప్పుడు చీటీ చూపించి సూట్‌కేసు తీసుకోండి, పని చేసుకోండి, మళ్ళీ లోపల పెట్టేయండి.

అబ్బా, చానా సేపయింది. మిగతావి గబగబా చెప్పేస్తా.

తెలుగు కాపీ చేస్తే పిచ్చిపిచ్చి గుర్తులు వస్తాయే, అది రీడర్ తప్పు కాదు. యూనికోడ్ అంటే అన్ని కంప్యూటర్లకీ ఒకటే అక్షరాల పద్ధతి. డీటీపీలో అనూ ఫాంట్ల లాంటి యూనికోడ్ కాని వాటితో కొట్టింటే, కంటికి 'అ' కనిపించినా లోపల ఉండేది ఏదో ఇంగ్లీషు గుర్తు. ఏ రీడర్ మార్చినా అదే వస్తాది. వెతికినా దొరకదు.

బ్రౌజర్. క్రోమ్‌లో, ఎడ్జ్‌లో, ఫైర్‌ఫాక్స్‌లో పీడీఎఫ్ రీడర్ లోపలే ఉండాది. క్రోమ్‌ది పీడీఎఫియం, ఫైర్‌ఫాక్స్‌ది జావాస్క్రిప్టులో రాసింది. ఎట్లాగూ కొండ బస్సులో కూర్చోనే ఉంటే దిగి నడిచేదెందుకు? ఒక్క హాల్ టికెట్‌కి అది చాలు. పెద్ద పుస్తకాన్ని ముప్పై ట్యాబుల మధ్యన తెరిస్తే మాత్రం, అన్నీ కలిపి మూసేసి "నా పేజీ పోయింది" అని నా దగ్గరికి రావద్దు.

లైనక్సోళ్ళకి ఎవిన్స్, ఓక్యులర్ ఉండాయి. ఇంకా తేలిక కావాలంటే జతురా, మౌసు ముట్టే పనే లేదు. మ్యాక్‌లో ప్రివ్యూ ముందే ఉండాది, అది చాలు. ఆండ్రాయిడ్‌లో మ్యూపీడీఎఫ్ వాళ్ళదే చిన్న వ్యూయర్ ప్లే స్టోర్‌లో దొరుకుతాది.

ఏదైనా సరే దాని సొంత సైటు నుంచే దించుకోండి. "ఫ్రీ పీడీఎఫ్ రీడర్" అని వెతికితే పైన వచ్చే ప్రకటనలు నొక్కొద్దు, రీడర్‌తో పాటు ఇంకో నాలుగు వచ్చి ఎక్కి కూర్చుంటాయి. అప్పుడప్పుడూ అప్‌డేట్ కూడా చేసుకోండి. తెలియనోళ్ళు పంపిన పీడీఎఫ్‌లో దొంగ కోడ్ ఉండొచ్చు, చిన్న రీడరైతే ఏమీ కాదులే అనుకోవద్దు.

ఆఖరిది, దీన్ని మర్చిపోతే పైన చేసినదంతా దండగ. సుమాత్రా వేసుకున్నా, డబుల్ క్లిక్ కొడితే మళ్ళీ పాతదే తెరుచుకుంటాది. ఏదైనా పీడీఎఫ్ మీద రైట్ క్లిక్ కొట్టి, ఓపెన్ విత్‌లో "చూజ్ అనదర్ యాప్" నొక్కి, సుమాత్రా ఎంచుకోని, "ఆల్వేస్" అని కొట్టండి. పెద్దది అప్‌డేట్ అయినప్పుడు ఆ స్థానం మళ్ళీ నాకిమ్మని అడగొచ్చు, అప్పుడు నో కొట్టండి...

(బయట నుంచి ఎవరో పిలుస్తున్నారు.)

ఆ, వస్తా ఉండా సామీ! ఆధారా? రెండు సైడ్లూ ఒకే పేజీలో వేసేదా, వేరే వేరేగానా?