1991 ముందు దేశం నిద్రపోయిందా? ఎవరు చెప్పారండీ?

హాయ్ అండీ, వచ్చేశాను. పోయిన వీడియో కింద ఒకాయన కామెంట్ చూశారా? "పీవీ వచ్చి తాళం తీశాకే దేశం కదిలింది, అంతకుముందు నలభై నాలుగేళ్లూ దండగ" అట. 1991లో ప్రధానిగా పీవీ నరసింహారావు తెచ్చిన ఆర్థిక సంస్కరణల గురించన్నమాట. లైకులే లైకులు! పీవీ మనవాడు, నాకూ గర్వమే. కానీ ఈ మాట తప్పండీ, పచ్చి తప్పు.

లెక్క చూడండి. 1950 నుంచి 1980 దాకా మన ఆర్థిక వ్యవస్థ ఏడాదికి సగటున మూడున్నర శాతం పెరిగింది, దాన్నే రాజ్ కృష్ణ అనే ఆర్థికవేత్త 1978లో 'హిందూ వృద్ధి రేటు' అని ఎద్దేవా చేశాడు. సరే, నత్తనడకే. 1980లలో? ఐదున్నర! 1990లలో? ఆరుకి కాస్త అటూ ఇటూ. మరి పెద్ద గంతు ఎక్కడుంది? పీవీ కుర్చీ ఎక్కడానికి పదేళ్ల ముందే ఉంది!

లైసెన్స్ రాజ్, అంటే ఏం తయారుచేయాలన్నా, ఎంత చేయాలన్నా సర్కారు పర్మిషన్ కావాల్సిన ఆ పాత పద్ధతి, గొప్పదని నేననట్లేదు, నాకేమన్నా పిచ్చా? కట్నంలో ఒప్పుకున్న స్కూటర్ ఇంటికొచ్చేసరికి పిల్లాడు బడికి పోతున్నాడని మా ఊళ్లో జోకు.

కానీ హైదరాబాద్ మందుల కంపెనీల సంగతేంటి? 1991లో ఆకాశం నుంచి ఊడిపడ్డాయా? సోవియట్ సాయంతో బాలానగర్‌లో కట్టిన ఐడీపీఎల్, అచ్చంగా సర్కారు కంపెనీ, అక్కడ పనిచేసి బయటికొచ్చిన అంజిరెడ్డి గారే 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. తాడేపల్లి పసుపు రైతు కొడుకు! పైగా 1970 పేటెంట్ చట్టం మందు మీద కాదు, తయారుచేసే పద్ధతి మీదే పేటెంట్ అంది, దాంతో మనవాళ్లు అదే మందుని ఇంకో దారిలో చేసి చవగ్గా అమ్మారు. నా థియరీ ఇదే: 1991లో కోసిన పంటకి నారు పోసింది మీరు తిట్టే ఆ పాత సర్కారే.

"1980లలో ఆ పెరుగుదల అప్పు చేసి పప్పుకూడు కదా" అంటారు, తెలుసు. నిజమే, 1980లలో తెగ అప్పులు చేశారు, అందుకే 1991లో 47 టన్నుల బంగారం విదేశాల్లో కుదువపెట్టాల్సి వచ్చింది. అప్పు సరే, మరి వంట నేర్పిందెవరు?

మీ ఇంట్లో ఐడీపీఎల్‌లో చేసిన తాతయ్యో, పెదనాన్నో ఉంటే అడిగి కింద రాయండి. తిట్టేవాళ్లు కూడా రాయండి, కాకపోతే 1980ల లెక్క ఒకసారి చూసొచ్చి తిట్టండి.