ట్రైలోబైట్లని కొరికింది అనోమలోకారిసేనా?

శ్రోతలందరికీ నమస్కారమండి. ఇవాళ అనోమలోకారిస్ అనే సముద్రపు వేటజంతువు గురించి మాట్లాడుకుందాం, అది బతికింది ఎప్పుడో 50 కోట్ల ఏళ్ల కిందట, అప్పటికి చేపలంటే వేలెడంత ఉండేవి, నేల మీదైతే చెట్టూ లేదు పిట్టా లేదు.

కెనడాలో బ్రిటిష్ కొలంబియా కొండల్లో, మౌంట్ స్టీఫెన్ మీద దొరికిన ముక్కల్ని చూసి 1892లో జోసెఫ్ వైటీవ్స్ ఇదేదో తల ఊడిపోయిన రొయ్యలాంటిది అనుకుని దీనికి పేరు పెట్టాడు. ఆ దగ్గర్లోనే బర్జెస్ షేల్ రాళ్లలో అనాసపండు చక్రంలా గుండ్రంగా ఇంకో శిలాజం దొరికితే చార్లెస్ వాల్కాట్ 1911లో అది జెల్లీఫిష్ అని రాశాడు. ఇద్దరూ మంచి సైంటిస్టులేనండీ, కానీ మెత్తటి ఒళ్లంతా చివికిపోయి గట్టి భాగాలు మాత్రం తలో చోట మిగిలితే ఎవరు మాత్రం ఏం చేస్తారు. చివరికి 1985లో హారీ విటింగ్టన్, డెరెక్ బ్రిగ్స్ కలిసి తేల్చారు, రొయ్య అనుకున్నది తల ముందుండి వేటని పట్టుకునే చెయ్యి, జెల్లీఫిష్ అనుకున్నది దీని చుట్టమైన జంతువు నోరు!

ఒకప్పుడు మీటరు పొడవు ఉంటుందనేవాళ్లు, ఇప్పటి లెక్కలో చేతులూ తోకా వదిలేస్తే 38 సెంటీమీటర్ల లోపే, అంటే మూర కూడా లేదు. అయినా ఆ కాలానికి అది పెద్దదే. ఒంటికి రెండు పక్కలా తెడ్లలాంటివి ఊపుకుంటూ ఈదేది.

ఇక కళ్లు. ఆస్ట్రేలియాలో కంగారూ ఐలాండ్‌లో ఈ జాతి కళ్లు విడిగా దొరికాయి, 2011లో వాటి వివరాలు బయటికొచ్చాయి, ఒక్కో కంట్లో 16 వేలకి పైగా లెన్సులు! ఈగ కంట్లో ఉండేవి మూడు నాలుగు వేలే.

ఇప్పుడు అసలు విషయానికొస్తా. ట్రైలోబైట్లు అని ఆ కాలంలోనే గట్టి పెంకు ఉన్న జీవులుండేవి, వాటి శిలాజాల్లో కొన్నింటికి పక్కన కొరికేసిన గాయాలుంటాయి. ఆ నింద చాలా ఏళ్లు అనోమలోకారిస్ మీదే వేశారు, పెద్ద జంతువు కదా మరి. కానీ 2023లో రసెల్ బిక్‌నెల్ వాళ్ల టీమ్ ఆ చేతుల్ని కంప్యూటర్లో త్రీడీ మోడల్ చేసి బలం లెక్కకట్టింది, పెంకు పగలగొట్టబోతే ఆ చేతులకే దెబ్బ తగులుతుంది, చేతులు ముందుకి చాపి వేగంగా దూసుకెళ్లి మెత్తటి జీవుల్ని పట్టడానికైతే అవి సరిగ్గా సరిపోతాయి అని తేలింది. నాకైతే ఇదే నమ్మబుద్ధేస్తుంది, ఎందుకంటే అడుగున మెల్లగా పాకే వాటిని పట్టడానికి అన్ని లెన్సులెందుకు చెప్పండి, వెలుగున్న నీళ్లలో చురుగ్గా తప్పించుకునే వాటి వెంటపడాలంటేనే అలాంటి కళ్లు కావాలి.

మరి కొరికిందెవరు? అదే కంగారూ ఐలాండ్‌లో రెడ్‌లికియా రెక్స్ అనే పెద్ద ట్రైలోబైట్ దొరికింది, దాని కాళ్ల మొదట్లో పెంకుని నలిపే బలమైన ముళ్లున్నాయి, అక్కడ రాయిగా మారిన పేడలో ట్రైలోబైట్ పెంకు ముక్కలూ ఉన్నాయి. అంటే అక్కడ ట్రైలోబైట్లని తిన్నది ఇంకో ట్రైలోబైటే అని ఇప్పుడు గట్టి అనుమానం.