ఎర్ర పాండా మణికట్టు దాకా చూపించిన బైనాక్యులర్ | రివ్యూ

నమస్కారం. ఈ 8×42 బైనాక్యులర్‌ను (అంటే ఎనిమిది రెట్లు దగ్గరగా చూపిస్తుంది, ముందు కటకం వెడల్పు 42 మిల్లీమీటర్లు) కంపెనీవారే ఉచితంగా పంపారు, ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. ధర, బరువు, కొలతలు మీరు ఈపాటికి ఎక్కడో చూసే ఉంటారు. నేను దీన్ని డార్జిలింగ్ తీసుకెళ్లాను, అక్కడి సంగతి చెబుతాను.

అక్కడ పద్మజా నాయుడు హిమాలయన్ జంతు ఉద్యానం ఉంది. ఆ పద్మజ మన హైదరాబాద్‌లో పుట్టినావిడే, సరోజినీ నాయుడి కుమార్తె. నేను వెళ్లింది ఎర్ర పాండా కోసం. మధ్యాహ్నం దాటాక మంచు కమ్మేసింది. ఈ జంతువు ఎక్కువగా తిరిగేది తెల్లవారుజామున, మునిమాపున. మసక వెలుతురులో చూపించలేని బైనాక్యులర్ దానికి దండగ. నా పాత 10×25 అలాంటిదే: అందులోంచి కంటికి చేరే కాంతి వలయం 2.5 మిల్లీమీటర్లే. ఇందులో 5.25. ఆ మంచులోనూ తోక మీది పట్టీలు లెక్కపెట్టుకోగలిగాను.

కొమ్మ మీద కూర్చుని వెదురు తింటోంది. ఇక నా చూపు దాని ముంగాలు దాటి పోలేదు. మణికట్టులోని ఒక చిన్న ఎముక పెరిగి, ఆరో వేలులా ముందుకు వచ్చి ఉంటుంది. రెమ్మను దానికీ అసలు వేళ్లకూ మధ్య ఇరికించి పట్టి, నోటి పక్కకు లాక్కుని ఆకులు కొరుకుతోంది. పెద్ద పాండాకూ ఇలాంటి ఎముకే ఉంది కానీ అది ఎలుగుబంటి, ఇది వేరే కుటుంబం. ఎవరి వేలు వారు విడిగా సంపాదించుకున్నారు! స్పెయిన్‌లో దొరికిన సిమోసియాన్ శిలాజం ఎర్ర పాండాకు పాత బంధువు. అది మాంసాహారి, అయినా దానికీ ఈ ఎముక ఉంది. అంటే ఆ వేలు మొదట చెట్లెక్కడానికి ఉపయోగపడి, వెదురు పట్టుకునే పని తర్వాత నేర్చుకుందన్నమాట. పాండా అనే పేరు కూడా ముందు దీనిదే. శాస్త్రలోకం దీన్ని 1825లో వర్ణించింది, పెద్ద పాండా వంతు 1869లో వచ్చింది.

ఇప్పుడు నా కోపం. చలికి ఫోకస్ చక్రం బిగిసిపోయింది. పాండా మడమలు తిప్పి, తలకిందులుగా మాను దిగుతున్నప్పుడు నేను చక్రంతో కుస్తీ పడుతున్నాను. నల్లటి పొట్ట కనిపించిన ఆ క్షణం మొత్తం మసకే. కొండలకు వెళ్లేవారి కోసం చేసిన వస్తువులో ఇది క్షమించరాని లోపం.

అయినా కొనండి. ఆ మణికట్టును నాకు చూపించింది ఇదే. కంపెనీవారు తిరిగి పంపమంటే డబ్బు కట్టి ఉంచుకుంటాను.